నేరుగా రైలు లేని ఊరికి రెండు రైళ్లలో వెళ్లడం ఎలా: ప్రధాన మార్గాలు, జంక్షన్లు, టికెట్లపై సమగ్ర మార్గదర్శి

"యాప్‌లో రైళ్లు లేవని వస్తోంది, ఎలా వెళ్లాలి?" అన్నది పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న. యాప్ చెప్పేది ఒక్కటే: మీరు అడిగిన రెండు స్టేషన్ల మధ్య, మీరు అడిగిన రోజున నేరుగా నడిచే రైలు లేదని. దారి లేదని కాదు. భారతీయ రైల్వేల ప్రధాన మార్గాలు ఎక్కడ కలుసుకుంటాయో తెలిస్తే, ఒక జంక్షన్‌లో దిగి మరో రైలు ఎక్కి, దాదాపు ఏ పెద్ద ఊరికైనా చేరవచ్చు. ఈ వ్యాసంలో ఆ పనిని వరుసగా వివరిస్తున్నాను. ఉదాహరణకు ఒంగోలు నుంచి ఉజ్జయిని ప్రయాణాన్ని తీసుకుంటున్నాను. ఆ దారిలో నేరుగా వెళ్లే రైలు ఉన్నా అది వారంలో ఏ ఒకటి రెండు రోజులో మాత్రమే దొరుకుతుంది కనుక, మనకు కావలసిన రోజున అది లేకపోతే ఏం చేయాలన్నదే ఇక్కడి లెక్క.

1. ముందు పటం, ఆ తరువాతే యాప్

చాలామంది చేసే మొదటి పొరపాటు రైలు కోసం వెతకడం. ముందు వెతకవలసింది జంక్షన్‌ను. జంక్షన్ సరిగా కుదిరితే రైళ్లు వాటంతట అవే కనిపిస్తాయి.

ఒక తెల్ల కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టండి: పైన ఢిల్లీ, కుడివైపు హౌరా, కింద చెన్నై, ఎడమవైపు ముంబై. వాటిని కలిపే నాలుగు భుజాలు, రెండు కర్ణాలు కలిపి ఆరు గీతలు అవుతాయి. దేశంలో దూరప్రయాణపు రైళ్లలో అధిక భాగం ఈ ఆరు గీతల మీదనో, వాటి నుంచి చీలిన కొమ్మల మీదనో నడుస్తాయి.

- ఢిల్లీ–చెన్నై: మథుర, ఆగ్రా, ఝాన్సీ, భోపాల్, ఇటార్సీ, నాగపూర్, బల్హార్షా, వరంగల్, విజయవాడ, గూడూరు.
- హౌరా–చెన్నై: ఖరగ్‌పూర్, కటక్, ఖుర్దా రోడ్, బరంపురం, విజయనగరం, విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ, గూడూరు.
- చెన్నై–ముంబై: అరక్కోణం, రేణిగుంట, కడప, గుంతకల్లు, రాయచూరు, వాడి, సోలాపూర్, దౌండ్, పుణె.
- హౌరా–ముంబై: టాటానగర్, బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్, భుసావల్, మన్మాడ్, కళ్యాణ్.
- ఢిల్లీ–ముంబై: మథుర, కోటా, రత్లాం, వడోదర, సూరత్.
- ఢిల్లీ–హౌరా: కాన్పూర్, ప్రయాగ్‌రాజ్, దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, గయ, ధన్‌బాద్, అసన్సోల్.

ఈ గీతల్లో రెండు చోట్లను మనసులో గట్టిగా నాటుకోవాలి. ఒకటి విజయవాడ: ఢిల్లీ దారి, హౌరా దారి ఇక్కడ కలిసి గూడూరు మీదుగా చెన్నైకి ఒకే దారిగా సాగుతాయి. రెండోది నాగపూర్: రెండు కర్ణాలు కలుసుకునే చోటు అది. తెలుగువారు ఉత్తరానికి వెళ్లాలన్నా, పడమటికి తిరగాలన్నా, ఛత్తీస్‌గఢ్ వైపు మళ్లాలన్నా చాలాసార్లు ఈ రెండింటిలో ఒకటి తగులుతుంది.

2. మీ ఊరు ఏ దారి మీద ఉందో తేల్చుకోవడం

కోస్తాలో ఉన్నవారికి ఇది సులువు. పలాస నుంచి నెల్లూరు దాకా ప్రధాన మార్గం మీదనే ఉన్నారు. రాయలసీమలో రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు వారు చెన్నై–ముంబై దారి మీద ఉన్నారు.

చాలామంది గమనించని విషయం సికింద్రాబాద్‌ది. అంత పెద్ద స్టేషన్ అయినా పైన చెప్పిన ఆరు గీతల్లో దేని మీదా లేదు. దాని నుంచి కొమ్మలు బయలుదేరి ఆ గీతలను అందుకుంటాయి. తూర్పున కాజీపేట దగ్గర ఢిల్లీ–చెన్నై మార్గాన్ని, పడమట వికారాబాద్, తాండూరు మీదుగా వాడి దగ్గర ముంబై మార్గాన్ని, వాయవ్యంలో నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్‌ను, దక్షిణాన మహబూబ్‌నగర్, కర్నూలు, డోన్ మీదుగా గుత్తి, గుంతకల్లు వైపును అందుకుంటాయి. నల్గొండ, నడికుడి మీదుగా గుంటూరుకు మరో దారి ఉంది. హైదరాబాద్ నుంచి బయలుదేరేవారు ముందు ఈ ఐదు కొమ్మల్లో తమది ఏదో నిర్ణయించుకోవాలి.

ఉత్తరాంధ్రవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌కు నేరుగా దారి ఉంది. రాయపూర్, బిలాస్‌పూర్ వైపు వెళ్లేవారు విజయవాడ దాకా దిగి, నాగపూర్‌కు ఎక్కి, మళ్లీ తూర్పుకు తిరగడం అనవసరపు శ్రమ.

3. జంక్షన్‌ను ఎంచుకోవడం

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. ప్రయాణం చెడితే ఎక్కువగా ఇక్కడే చెడుతుంది.

పటంలో రెండు దారులు ఒకచోట కలిసినట్టు కనిపించినంత మాత్రాన, రెండు దారుల రైళ్లూ ఒకే స్టేషన్‌లో ఆగుతాయని అనుకోకూడదు. కాజీపేటనే చూడండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు కాజీపేటలో ఆగుతాయి కానీ వరంగల్‌కు రావు. విజయవాడ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు వరంగల్‌లో ఆగి, కాజీపేట స్టేషన్‌ను తాకకుండా పక్కదారిలో బల్హార్షా వైపు మళ్లుతాయి. రెండు స్టేషన్ల మధ్య సుమారు 10 కిలోమీటర్లు. ఒక రైలులో కాజీపేటలో దిగి, వరంగల్‌లో మరో రైలు అందుకోవాలంటే సామానుతో ఆటో కోసం పరుగెత్తాలి. అందుకు బదులు రెండు వైపుల రైళ్లూ దాదాపు అన్నీ ఆగే బల్హార్షాను మారే చోటుగా పెట్టుకుంటే, ఒకే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారితే సరిపోతుంది.

ఇటువంటివే మరికొన్ని:

- హౌరా దారిలోని కొన్ని రైళ్లు విశాఖపట్నం లోపలికి రాకుండా దువ్వాడలోనే ఆగి వెళ్లిపోతాయి. దువ్వాడకు విశాఖ నుంచి సుమారు 17 కిలోమీటర్లు.
- బల్హార్షా మీదుగా నాగపూర్ వెళ్లే మన రైళ్లు వార్ధాలో కాక దాని పక్కనున్న సేవాగ్రాంలో ఆగుతాయి.
- తిరుపతికి నేరుగా దొరకకపోతే రేణిగుంటకు వెతకండి. సుమారు 10 కిలోమీటర్ల దూరమే. ముంబై దారి రైళ్లు అక్కడ ఆగుతాయి.
- వారణాసికి దొరకకపోతే దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌కు వెతకండి. పాత మొగల్‌సరాయ్ అదే. అక్కడి నుంచి వారణాసి 17 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

మన ఉదాహరణకు వద్దాం. ఒంగోలు ఢిల్లీ–చెన్నై మార్గం మీద ఉంది. ఉజ్జయిని ఆ మార్గం మీద లేదు. భోపాల్ నుంచి పడమటికి సెహోర్, శుజాల్‌పూర్ మీదుగా వెళ్లే కొమ్మ మీద ఉంది. కనుక మారవలసిన చోటు భోపాల్. అయితే భోపాల్‌లో రెండు పెద్ద స్టేషన్లు ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే రైలుకు మొదట తగిలేది రాణి కమలాపతి, 2021 దాకా దాని పేరు హబీబ్‌గంజ్. సుమారు 6 కిలోమీటర్ల తరువాత భోపాల్ జంక్షన్. కొన్ని రైళ్లు రెండింటిలోనూ, కొన్ని ఒక్కదానిలోనే ఆగుతాయి. మీ మొదటి రైలు ఏ స్టేషన్‌లో ఆగుతుందో, ఉజ్జయిని రైలు ఏ స్టేషన్ నుంచి బయలుదేరుతుందో కోడ్‌తో సహా సరిచూసుకోవాలి. "భోపాల్" అన్న మాట ఒక్కటే చూసి టికెట్ తీయకూడదు.

జంక్షన్‌ను ఖాయం చేసే ముందు ఈ ఐదింటికి జవాబు రాసుకోండి:

- రెండు రైళ్లూ ఇదే స్టేషన్‌లో, ఇదే కోడ్‌తో ఆగుతున్నాయా?
- చేరే సమయం పగలా, అర్ధరాత్రి దాటిన తరువాతా?
- రెండో రైలు తప్పితే, అదే రోజు అదే వైపుకు మరో రైలు ఉందా?
- రైలే లేకపోతే బస్సు ఉందా?
- వెంట పెద్దవాళ్లు ఉంటే వెయిటింగ్ హాలు, లిఫ్టు లేక ఎస్కలేటర్ ఉన్నాయా?

మూడో ప్రశ్నకు "లేదు" అన్న జవాబు వస్తే, ఆ జంక్షన్‌ను వదిలి ముందుదో వెనకదో చూడడం మేలు.

4. రెండు రైళ్లను జతపరచడం

మొదటి రైలు వీలైనంత దగ్గరలో బయలుదేరేది కావాలి. చెన్నైలో బయలుదేరి ఒంగోలు మీదుగా వచ్చే రైలు ఒంగోలుకు చేరేసరికి కొన్ని గంటలే నడిచి ఉంటుంది. ఆలస్యం పేరుకునే అవకాశం తక్కువ. అదే కేరళ చివరి నుంచి వచ్చే రైలైతే ఒంగోలుకు రాకముందే ఆలస్యం మొదలై ఉండవచ్చు. రెండో రైలు మాత్రం ఎంత దూరం నుంచి వచ్చేదైనా ఫరవాలేదు. అది ఆలస్యమైతే మనం కూర్చుని ఎదురుచూస్తాం, అంతే.

రైలు సంఖ్యలోని మొదటి అంకెను చూడండి. 5 అంకెల సంఖ్య 0తో మొదలైతే అది ప్రత్యేక రైలు. వీటికి దారిలో ప్రాధాన్యం తక్కువగా దక్కడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల ప్రత్యేక రైలును రెండో రైలుగా తీసుకోవచ్చు కానీ, మొదటి రైలుగా తీసుకోవద్దని నా సలహా.

ఇక మధ్యలో ఎంత సమయం ఉంచాలన్నది. టైంటేబుల్‌ను నమ్మి గంట, గంటన్నర పెట్టుకోవద్దు. నేను పాటించే పద్ధతి ఇది: ప్రయాణానికి నెల ముందు నుంచి, ఆ రైలు ఆ జంక్షన్‌కు నిజంగా ఎన్నింటికి చేరుతోందో నేషనల్ ట్రైన్ ఎంక్వయిరీ సిస్టమ్‌లో చూసి, ఏడెనిమిది రోజులు నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఒక గడిలో తేదీ, ఒక గడిలో చేరిన సమయం, మూడో గడిలో ఆలస్యం. ఆ ఎనిమిదింటిలో అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమైన రోజును తీసుకుని, దానికి మరో గంట కలుపుతాను. సగటు ఆలస్యాన్ని తీసుకోకూడదు. సగటు 35 నిమిషాలున్న రైలు ఒక్క రోజు మూడు గంటలు ఆగిపోతే, మన ప్రయాణం ఆ ఒక్క రోజున పడవచ్చు.

లెక్క రాసే ఓపిక లేనివారు మామూలు రోజుల్లో కనీసం 3 గంటలు పెట్టుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాది నుంచి వచ్చే రైళ్లకు పొగమంచు వల్ల ఆ 3 గంటలు చాలవు. రాత్రి ఆ ఊళ్లోనే బస చేసి మర్నాటి రైలు తీసుకోవడమే ఉత్తమం. కొంకణ్ మార్గంలో వెళ్లేవారు వర్షాకాలానికి వేరే టైంటేబుల్ ఉంటుందని మరువకూడదు.

5. టికెట్లు తీసుకునే క్రమం

ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 60 రోజులు. అందులో ప్రయాణపు రోజు కలవదు. ఈ 60 రోజులను లెక్కించేది రైలు తన మొదటి స్టేషన్ నుంచి బయలుదేరే తేదీ నుంచి. రైలు 10న బయలుదేరి మీ స్టేషన్‌కు 11న వస్తే, బుకింగ్ మీరు అనుకున్నదానికంటే ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. తత్కాల్‌కూ ఇదే లెక్క: రైలు బయలుదేరే తేదీకి ముందు రోజున, ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది. అంటే 11న మీరు ఎక్కే రైలుకు తత్కాల్ 9వ తేదీనే. పదో తేదీ పొద్దున కూర్చుని సీట్లు లేవని వాపోయేవారు ఎందరో. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా తప్పనిసరి కనుక ఆ పని ముందే ముగించుకోండి.

వరుస ఇలా ఉండాలి:

1. పొడవైన ప్రయాణానికి, అంటే రాత్రి పడుకోవలసిన రైలుకు, ముందు టికెట్ తీయండి.
2. అది కన్ఫర్మ్ అయితేనే రెండోది తీయండి.
3. రెండోది పగటి పూట మూడు నాలుగు గంటల ప్రయాణమైతే దాన్ని సెకండ్ సీటింగ్‌లో గానీ, ఆ రోజు అక్కడే జనరల్ టికెట్‌తో గానీ చేయవచ్చు. భోపాల్–ఉజ్జయిని అటువంటిదే. ఇలా చేస్తే మొదటి రైలు ఎంత ఆలస్యమైనా రెండో టికెట్ నష్టపోము.
4. రెండూ రిజర్వేషన్ టికెట్లయితే వాటి పీఎన్‌ఆర్‌లను జతపరచండి.

ఈ నాలుగో అంశం చాలామందికి తెలియదు. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్‌ఆర్‌లను ఒకే ప్రయాణంగా కలిపే వీలు ఉంది. మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి రద్దు రుసుము లేకుండా డబ్బు తిరిగి వస్తుంది. దానికి షరతులున్నాయి. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒక్కటే కావాలి. ఒకదానిలో ఇంటిపేరు పొట్టిగా, మరోదానిలో పూర్తిగా రాస్తే కుదరదు. దిగే స్టేషనూ ఎక్కే స్టేషనూ సరిపోలాలి. రెండింటి కంటే ఎక్కువ పీఎన్‌ఆర్‌లు కలపలేరు. కౌంటరు టికెట్ అయితే మొదటి రైలు జంక్షన్‌కు నిజంగా చేరిన 3 గంటల లోపు అక్కడే టికెట్ ఇచ్చేయాలి. ఆన్‌లైన్ టికెట్ అయితే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, దాఖలు చేయాలి. దిగిన వెంటనే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగానే ఆ పని చేయడం మంచిది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. దూరం పెరిగే కొద్దీ కిలోమీటరు ధర తగ్గేలా రైలు ఛార్జీ ఉంటుంది. అందువల్ల ఒకే దూరానికి రెండు టికెట్లు తీస్తే ఒక టికెట్ కంటే ఎక్కువ అవుతుంది. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములూ రెండుసార్లు పడతాయి. ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు ఈ తేడాను ముందే లెక్క వేసుకోండి.

మధ్య స్టేషన్లవారికి వెయిటింగ్ లిస్టు కదలక విసుగు పుట్టడానికి కారణం కోటా. టికెట్ మీద జీఎన్‌డబ్ల్యూఎల్ (సాధారణ వెయిటింగ్ లిస్టు) ఉంటే కన్ఫర్మ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ (మధ్య స్టేషన్ల కోటా లిస్టు), పీక్యూడబ్ల్యూఎల్ (కొన్ని స్టేషన్లు కలిసి పంచుకునే కోటా లిస్టు) ఉంటే తక్కువ. అటువంటప్పుడు రైలు మొదలయ్యే స్టేషన్ నుంచి టికెట్ తీసి, బోర్డింగ్ స్టేషన్‌గా మీ ఊరిని పెట్టుకోండి. కొంత ఎక్కువ ఖర్చయినా బెర్తు దొరికే అవకాశం పెరుగుతుంది. బోర్డింగ్ మార్చుకున్నాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదు. అలాగే బోర్డింగ్ మార్చకుండా మధ్యలో ఎక్కవచ్చులే అనుకుంటే, మీ బెర్తును మరొకరికి ఇచ్చేయవచ్చు.

6. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాట్లు

*అర్ధరాత్రి తేదీ.* రైలు రాత్రి 12:20కి అయితే, మనం "11వ తేదీ రాత్రి" అంటాం. రైల్వే లెక్కలో అది 12వ తేదీ 00:20. మా పెద్దమ్మవాళ్లు కాశీ నుంచి తిరిగి వస్తూ జంక్షన్‌లో సరిగ్గా ఇలాగే చిక్కుకున్నారు. బోగీ దగ్గరికి వెళ్లి చూస్తే వారి బెర్తుల్లో వేరే కుటుంబం నిద్రపోతోంది. వారి రైలు అంతకు ముందు రాత్రే వెళ్లిపోయింది. నలుగురు పెద్దవాళ్లు తెల్లవారేదాకా ప్లాట్‌ఫారం మీద గడిపారు. దిద్దుబాటు: 00:00 నుంచి 03:00 లోపు ఉన్న ప్రతి రైలుకూ తేదీ పక్కన వారం పేరు కూడా రాసుకుని, ఇంట్లో మరొకరి చేత సరిచూపించండి.

*నడిచే రోజులు.* వారానికి రెండు రోజుల రైలు "మంగళ, శుక్ర" అని ఉంటే అవి మొదటి స్టేషన్ రోజులు. మీ జంక్షన్‌కు అది బుధ, శనివారాల్లో రావచ్చు. దిద్దుబాటు: రైలు మొత్తం టైంటేబుల్ తెరిచి, మీ స్టేషన్ ఎదురుగా "రోజు 2" ఉందో "రోజు 3" ఉందో చూడండి.

*ఒక ఊరు, అనేక స్టేషన్లు.* సికింద్రాబాద్, హైదరాబాద్, కాచిగూడ, లింగంపల్లికి తోడు 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు కొన్ని రైళ్లు మారాయి. పాత అలవాటు మీద సికింద్రాబాద్‌కు వెళ్లి నిలబడవద్దు. ఢిల్లీలోనూ న్యూఢిల్లీ, పాత ఢిల్లీ, హజ్రత్ నిజాముద్దీన్, ఆనంద్ విహార్ వేర్వేరు చోట్ల ఉన్నాయి.

*రెండో టికెట్ వెయిటింగ్‌లో ఉండగానే బయలుదేరడం.* ఆన్‌లైన్ టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే మిగిలితే ఛార్ట్ తయారయ్యాక అది దానంతట అదే రద్దవుతుంది. దానితో రైలు ఎక్కకూడదు. దిద్దుబాటు: ఇల్లు కదలకముందే రెండో ప్రయాణానికి మారుదారి చేతిలో ఉండాలి.

*పాత పేర్లతో వెతకడం.* మొగల్‌సరాయ్, అలహాబాద్, హబీబ్‌గంజ్ అని కొడితే కొన్నిసార్లు ఏమీ రాదు. కొత్త పేరుతో గానీ కోడ్‌తో గానీ వెతకండి.

7. ముందు రోజు, ప్రయాణపు రోజు

బయలుదేరే ముందు రోజు సాయంత్రం:

- రెండు రైళ్లూ రద్దు కాలేదని, దారి మళ్లలేదని చూడండి. మూడో లైను పనులు, సిగ్నల్ పనులు జరిగే రోజుల్లో దారి మళ్లిన రైలు మీ జంక్షన్‌కే రాకపోవచ్చు. 139కి ఫోను చేసినా చెబుతారు.
- రెండు పీఎన్‌ఆర్‌లు, కోచ్, బెర్తు సంఖ్యలను కాగితం మీద కూడా రాసి, ఇద్దరి దగ్గర ఉంచండి.
- రెండో రైలు తప్పితే ఎక్కవలసిన తరువాతి రైలు సంఖ్య, సమయం అదే కాగితం మీద రాయండి.
- ప్రతి పెట్టెకూ తాళం వేయండి. తాళం లేని సామానును క్లోక్‌రూంలో తీసుకోరు.

మొదటి రైలులో ఉండగా, జంక్షన్‌కు రెండు గంటల ముందు నుంచి రెండు రైళ్ల స్థితినీ చూస్తూ ఉండండి. దిగగానే ముందు డిస్‌ప్లే బోర్డు దగ్గరికి వెళ్లి, రెండో రైలు ప్లాట్‌ఫారం సంఖ్య, మీ కోచ్ ఎక్కడ ఆగుతుందో తెలుసుకోండి. భోజనం, స్నానం ఆ తరువాత. ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారడం అరుదేమీ కాదు కనుక, పెద్దవాళ్లను, సామానును పాదచారుల వంతెనకు దగ్గరలో కూర్చోబెట్టడం తెలివైన పని.

8. తిరుగు ప్రయాణానికి వేరే లెక్క

వెళ్లిన దారినే తిప్పి రాస్తే చాలదు. తిరుగు రైలు సంఖ్య సాధారణంగా పక్క సంఖ్యే ఉంటుంది. హైదరాబాద్–న్యూఢిల్లీ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ 12723 అయితే తిరిగి వచ్చేది 12724. కానీ ఆగే స్టేషన్లు, సమయాలు రెండు వైపులా ఒకేలా ఉండవు. వెళ్లేటప్పుడు రాణి కమలాపతిలో ఆగిన రైలు వచ్చేటప్పుడు అక్కడ ఆగుతుందో లేదో విడిగా చూడాలి.

ఉజ్జయిని నుంచి తిరిగి వచ్చేటప్పుడు పొట్టి ప్రయాణం ముందు వస్తుంది, పొడవైనది తరువాత వస్తుంది. రిజర్వేషన్ విలువంతా రెండో రైలులోనే ఉంటుంది కనుక, భోపాల్‌కు ఆ రోజు చివరి రైలును నమ్ముకోకుండా, కనీసం దానికి ముందు రైలులో బయలుదేరండి. ఒంగోలు వైపు రైలు తెల్లవారుజామున ఉంటే ముందు రోజు సాయంత్రానికే భోపాల్ చేరి, ఆ రైలు ఆగే స్టేషన్‌కు దగ్గరలోనే గది తీసుకోండి.